ప్రార్థనలో కళ్ళు మూసుకోని అత్తయ్య

"మా అక్క పోయిందమ్మా" అని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను సామర్లకోటలో పాఠాలు చెప్పే స్కూలుకి బయల్దేరుతున్నాను. ఏడుపు రాలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరు చెప్పడమేంటి? నా చెయ్యి పట్టుకునే పోయింది" అన్నారు నాన్న.

ఆ ప్రశ్న మా అత్తయ్యది. ఎవరు ఏ కబురు తెచ్చినా ముందు ఆ మాటే అడిగేది. ఫలానా వాళ్ళ అమ్మాయికి పెళ్ళి కుదిరిందన్నా, పాస్టరుగారికి బదిలీ అయిందన్నా, కాలవకి నీళ్ళు వదిలారన్నా "ఎవరు చెప్పారు? వాళ్ళకెవరు చెప్పారు?" అనేది. చెప్పినవాళ్ళు చిన్నబుచ్చుకునేవారు. ఆవిడ చావు కబురుని కూడా నేను ఆవిడ పద్ధతిలోనే అందుకున్నానని, నిడదవోలు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక తెలిసింది. అప్పుడొచ్చింది ఏడుపు.

అత్తయ్య మా నాన్నకి అక్క. భర్త చిన్న వయసులోనే పోయారు, పిల్లల్లేరు. రాజమండ్రి దగ్గర మిషన్ వాళ్ళ ఆడపిల్లల బోర్డింగులో వార్డెన్‌గా చేసి, రిటైరయ్యాక మా ఊరొచ్చి మా ఇంటి పక్క గదిలో ఉండేది. నేనూ ఆ బోర్డింగులోనే చదువుకున్నాను. మేనకోడలినని నాకేమీ మినహాయింపు ఉండేది కాదు, పైగా నా ట్రంకుపెట్టె రెండుసార్లు వెతికేది. జ్వరమొస్తే మందుబిళ్ళ ఇచ్చి, మింగాక నోరు తెరవమనేది. నాలిక ఎత్తి చూపించాలి. "మింగానండీ" అంటే ఒప్పుకునేది కాదు. బిళ్ళని బుగ్గలో దాచి కిటికీలోంచి ఊసేసే పిల్లలు ఉంటారని ఆవిడకి తెలుసు. ఉండేవాళ్ళం కూడా.

ఊరొచ్చాకా ఆ వార్డెన్ కళ్ళు పోలేదు. కూరగాయల బండి వస్తే తక్కెడ పళ్ళెం ఎత్తి అడుగున ఏదైనా అంటించారేమో చూసేది. పాలు వాసన చూడకుండా పొయ్యి మీద పెట్టేది కాదు. గుడిలో, అంటే మా చర్చిలో, అందరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆవిడ కళ్ళు మాత్రం తెరిచే ఉండేవి. ఒకసారి అడిగాను.

"దేవుడు నా మనసు చూస్తాడు. నేను గుమ్మం దగ్గర చెప్పులు చూస్తాను" అంది.

"నేను తెరిచానని నీకెలా తెలిసింది?" అని వెంటనే నన్ను పట్టుకుంది కూడా.

కొత్త పాస్టరుగారు ఒకసారి నవ్వుతూనే అన్నారట: "అమ్మా, ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమన్నారు గానీ, పక్కవాళ్ళని పరీక్షించమనలేదు కదండీ" అని. "నన్ను పరీక్షించుకోవడం తొందరగానే అయిపోయిందండి అయ్యగారూ. ఇంకా టైము మిగిలింది" అందిట.

నవ్వుకోడానికి బాగానే ఉంటాయి. కానీ అంత అనుమానంతో బతికిన మనిషి మీదికి చివరికి ఊరి అనుమానమంతా ఎలా వచ్చి పడిందో, దాంతో ఆవిడ ఏం చేసిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నెల మొదటి ఆదివారం మా గుడిలో ప్రభురాత్రి భోజన సంస్కారం. బలిపీఠం ముందు వరసగా మోకాళ్ళూనితే పాస్టరుగారు ముందు రొట్టె ముక్క ఇస్తారు. తర్వాత ద్రాక్షరసం గిన్నె తెచ్చి, ఒకరి తర్వాత ఒకరికి పెదవులకి అందిస్తారు. అందరికీ ఒకటే గిన్నె. వెండి పూత గిన్నె అది, అంచు దగ్గర పూత పోయి లోపలి రంగు కనిపించేది. శనివారం దాన్ని మెత్తటి బూడిదతో తోమడం, ఎండుద్రాక్ష నానబెట్టి మరగబెట్టి రసం వడకట్టడం అత్తయ్య పని. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. రసంలో నీళ్ళు కలుపుతారని ఆవిడ అనుమానం.

ఆ గుడికి రెండు చోట్ల నుంచి వస్తారు. మా పేట వాళ్ళు కొందరు, కాలవ గట్టు మీద ఇళ్ళవాళ్ళు కొందరు. కులం పేర్లు గుడిలో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా ఎవరెవరో అందరికీ తెలుసు. ముందు వరసల్లో మేం కూర్చునేవాళ్ళం, వెనక గట్టువాళ్ళు. సంస్కారానికీ అదే వరసలో లేచేవాళ్ళం. గిన్నె ముందు మా దగ్గరికొచ్చి, చివర వాళ్ళ దగ్గరికి వెళ్ళేది. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మార్చాలని కూడా ఎవరికీ తోచలేదు. కరోనాకి కొద్దిగా ముందు, అప్పటి పాస్టరుగారికి తోచింది. ఒక నెల ముందు వరసల వాళ్ళు మొదట రావాలి, ఇంకో నెల వెనక వరసల వాళ్ళు మొదట రావాలి అన్నారు. ఎవరూ కాదనలేదు. వెనక వరసల వంతు వచ్చిన నెలలో మాత్రం మా పేటలో కొందరికి జలుబు చేసేది.

తర్వాత కరోనా వచ్చింది. గుడి మూసేశారు. తెరిచేసరికి ఆ పాస్టరుగారు బదిలీ మీద వెళ్ళిపోయారు, కొత్తాయన వచ్చారు. చిన్నవారు, మంచివారు. కీబోర్డు వచ్చింది, గోడ మీద పాటల అక్షరాలు పడే తెర వచ్చింది, చాపల బదులు కుర్చీలు వచ్చాయి. సంస్కారానికి గిన్నె బదులు పళ్ళెంలో చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి, దగ్గుమందు సీసా మూతలంత. జబ్బు రోజులు కదా, అందరూ సరేనన్నారు. అత్తయ్యా సరేనంది. గిన్నెని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది.

జబ్బు సద్దుమణిగింది. మాస్కులు పోయాయి. పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుని తింటున్నారు. గ్లాసులు మాత్రం ఉండిపోయాయి.

"జబ్బు పోయిందిగా, గ్లాసులెందుకు పోలేదు?" అని ఇంట్లో పైకే అనేది అత్తయ్య.

నాన్న సంఘ సెక్రటరీ. "శుభ్రతక్కా. ఇప్పుడు అన్ని చోట్లా ఇంతే" అన్నారు.

"అన్ని చోట్లా అని ఎవరు చెప్పారు?"

నాన్న పేపరు తిరగేసుకున్నారు.

ఆ తర్వాత అత్తయ్య చూసింది ఇంకొకటి. గట్టువాళ్ళు గుడికి వస్తున్నారు, వాక్యం వింటున్నారు, కానుక వేస్తున్నారు. సంస్కారం దగ్గరికి వచ్చేసరికి లేవడం లేదు. మొదట ఒకరిద్దరు, తర్వాత రెండు వరసలు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళకి అది తెలియలేదు. కళ్ళు తెరుచుకున్న ఆవిడకి తెలిసింది.

ఆ నెల నేను ఊళ్ళో ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక "రా, గట్టు మీదికెళ్దాం" అంది. గట్టు మామ్మ అని మేమందరం పిలిచే ఆవిడ అత్తయ్య ఈడుది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ప్రతి క్రిస్మస్‌కీ ఒకరింటి పిండివంటలు ఇంకొకరింటికి వెళ్ళేవి.

మామ్మ వాకిట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"బల్ల దగ్గరికి రావట్లేదేంటి వదినా?" అంది అత్తయ్య.

"మోకాళ్ళు నెప్పులు."

"పొద్దున్నే గట్టెక్కి దిగి నీళ్ళు మోస్తున్నావుగా."

మామ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది. మంచినీళ్ళు తెచ్చింది. ఆ ఇంట్లో మాకెప్పుడూ స్టీలు గ్లాసులో ఇచ్చేవారు. ఆ రోజు కాగితం గ్లాసులో తెచ్చింది, పెళ్ళిళ్ళలో ఇచ్చేలాంటిది. అత్తయ్య ముందు పెట్టి అంది:

"ఇదిగో. ఎవరూ మూతి పెట్టనిది. నీకు విడిగా కావాలి కదా."

అత్తయ్య ఆ గ్లాసు తీసుకుని నీళ్ళన్నీ తాగింది. తాగి, "ఎవరు చెప్పారు?" అంది.

"ఊరంతా అనుకుంటన్నారు."

"ఊరికి నోరుండదు వదినా. ఎవరో ఒకరికి ఉంటుంది. ఎవరు చెప్పారు?"

మామ్మ నా వైపు చూసింది. చెప్పాలా వద్దా అని కాసేపు ఊగిసలాడింది. "నీ తమ్ముడే చెప్పాడు. మా అక్కకి పట్టింపెక్కువ, అందరూ మూతి పెట్టిన గిన్నె ఆవిడకి పడదు, చిన్న గ్లాసులు ఆవిడే అడిగింది, పెద్దావిడ మాట కాదనలేకపోయాం అన్నాడు."

"నువ్వు నమ్మావా?"

"వాసన చూడందే పాలు కూడా తాగవు నువ్వు. నమ్మక ఏం చెయ్యను?"

అత్తయ్య కాగితం గ్లాసు కింద పెట్టి లేచింది. కాలవ పక్కన నడిచి వస్తుంటే ఒక్క మాట అంది నాతో. "వేసే నింద కూడా మనిషి కొలతకి సరిపోవాలి. వాడు నాకు సరిగ్గా కుట్టాడు."

ఆ సాయంత్రం నాన్న టీ తాగుతుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను వంటగది గుమ్మంలో ఉన్నాను, వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు.

"గ్లాసులు ఉంచమని అడిగిందెవర్రా?"

"అయ్యగారు..."

"అయ్యగారినడిగి వచ్చాను. సెక్రటరీ గారన్నారు."

నాన్న కప్పు కింద పెట్టారు. "అలవాటు పోయిందక్కా. ఇప్పుడు మళ్ళీ అందరి ఎంగిలీ అంటే..."

"అందరిదా? గట్టువాళ్ళదా?"

నాన్న కప్పు పక్కకి జరిపారు.

"సరే. నీ మనసులో ఉన్నది నీది. నా పేరెందుకు చెప్పావు?"

నాన్న తల దించుకునే అన్నారు, నాకిప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది. "నీ పేరు చెబితే ఎవరూ అనుమానించరక్కా."

అత్తయ్య అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కప్పు తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. ఆ రాత్రి భోజనం కూడా మామూలుగానే వడ్డించింది. కానీ తమ్ముడి కంచం వైపు చూడకుండా వడ్డించింది.

నాన్న గురించి నేనిలా రాయడం ఏంటని మీకు అనిపించవచ్చు. ఆయన తర్వాత తానే పదిమందిలో చెప్పుకున్నారు, అక్కడికి వస్తాను. అత్తయ్య బతికుండగా ఈ మాట మా ముగ్గురి మధ్యా, గట్టు మామ్మ, పాస్టరుగార్ల దగ్గరా ఉండిపోయింది.

తర్వాతి వారం ఆరాధన అయ్యాక సంఘ సమావేశం జరిగింది. పైకప్పు మరమ్మతు గురించి మాట్లాడుతున్నారు. అత్తయ్య లేచి నిలబడింది. నాన్న ఫ్యాను వైపు చూస్తున్నారు.

"చిన్న గ్లాసులు నేను అడిగానని గట్టు మీద అనుకుంటున్నారు. నేను అడగలేదు" అంది.

వెనక నుంచి గట్టువాళ్ళ కుర్రాళ్ళలో ఒకతను లేచాడు, పెళ్ళయి పిల్లలున్నవాడే. "మరి ఎవరడిగారండి?"

"నాకు తెలుసు. చెప్పను."

"చెప్పకపోతే మేమెలా నమ్మాలండి?"

"నమ్మొద్దు బాబూ. ఊరికే నమ్మబట్టే ఇంత దూరం వచ్చింది. వచ్చే సంస్కారానికి గ్లాసుల పక్కన గిన్నె కూడా ఉంటుంది. అయ్యగారు ఒప్పుకున్నారు. ఆ రోజు నేను గట్టు వదిన తర్వాత తాగుతాను. వచ్చి మీ కళ్ళతో చూసుకోండి."

"అంతా చూపించుకోడానికేలే" అని వెనక ఎవరో గొణిగారు. అందరికీ వినపడింది. అత్తయ్య ఆ వైపు తిరిగి "అదీ ఆలోచించవలసిందే" అంది. వెక్కిరింపుగా అనలేదు. ఆ మాట అన్న మనిషి ఆవిడకి నచ్చాడని నాకనిపించింది.

ఆ నెలంతా ఊళ్ళో ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడమే. మా పేటలో ఇద్దరు ముగ్గురు తమ గురించే అంటోందని అత్తయ్యతో మాటలు మానేశారు. నిజానికి వాళ్ళు నాన్నతో కలిసి తలూపినవాళ్ళేనేమో, నాకు తెలియదు. గట్టు మీద, ఇదంతా కానుకల కోసం ఆడుతున్న నాటకం అన్నవాళ్ళున్నారు. పాస్టరుగారు ఆ రోజుల్లో ప్రేమ గురించి ప్రసంగాలు చేశారు. పాపం, అందరూ ఆ మాటలు ఎవరిని ఉద్దేశించినవో అని ఆలోచిస్తూ విన్నారు.

మొదటి ఆదివారం వచ్చింది. అత్తయ్య ముందు వరస వదిలి వెనక్కి వెళ్ళి గట్టు మామ్మ పక్కన కూర్చుంది. మామ్మ పలకరించలేదు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు అత్తయ్య లేచి ఆగింది. మామ్మ కూర్చునే ఉంది. కీబోర్డు వాయించే అబ్బాయి పాట అయిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడు మామ్మ కుర్చీ పట్టుకుని లేచింది. మోకాళ్ళు నిజంగానే నెప్పులని ఆ లేవడంలో తెలిసింది. అత్తయ్య ఆవిడ జబ్బ పట్టుకుంది.

ఇద్దరూ మోకాళ్ళూనారు. పాస్టరుగారు గిన్నె తెచ్చారు. మామ్మ తాగింది. పాస్టరుగారు అలవాటుగా తెల్లగుడ్డతో అంచు తుడవబోయారు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. తుడవకుండానే తాగింది. మామ్మ తల తిప్పి అత్తయ్య గొంతు వైపే చూస్తోంది, నిజంగా మింగిందా, పెదవులు తడిపి ఊరుకుందా అని.

తిరిగి కుర్చీల్లోకి వచ్చాక అత్తయ్య మామ్మ వైపు తిరిగి నోరు తెరిచింది. నాలిక ఎత్తి చూపించింది.

మామ్మకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఏడ్చింది. అప్పుడు కూడా అత్తయ్య కళ్ళు ఎవరెవరు బల్ల దగ్గరికి లేస్తున్నారా అని చూస్తూనే ఉన్నాయి.

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. ఆ రోజు నుంచి బల్ల మీద గిన్నె, గ్లాసులు రెండూ ఉంటున్నాయి. గట్టువాళ్ళు చాలామంది తిరిగి లేచారు. మా పేటలో కొందరు గిన్నె తీసుకుంటారు, కొందరు గ్లాసే తీసుకుంటారు. ఎవరు ఏది తీసుకున్నారో అందరూ చూస్తారు, చూడనట్టు ఉంటారు. నాన్న గ్లాసే తీసుకునేవారు. అత్తయ్య ఆయన్ని ఏమీ అనలేదు. నేనొకసారి, ఆవిడ ఎండుద్రాక్ష ఏరుతుంటే అడిగాను, "నాన్న పేరు ఎందుకు చెప్పలేదు అత్తా?" అని.

"చెబితే వాడు మారినా, భయంతో మారాడనుకుంటాను. ఇక ఎప్పటికీ నమ్మలేను. చెప్పకపోతే ఎప్పుడో ఒకప్పుడు నమ్మడానికి కొంచెం చోటుంటుంది" అంది. ఇంకో నాలుగు ద్రాక్షలు ఏరి, "నమ్మకం దేవుడికి, అనుమానం మనుషులకి అనుకుంటూ బతికాను. నా తమ్ముడు ఎటొస్తాడో తేల్చుకోలేకపోతున్నాను" అంది.

చివరి రోజుల్లో ఊపిరి అందేది కాదు. మందులిస్తే మాత్ర రంగు చూసి నిన్నటిదేనా అని అడిగేది. నాన్న పక్కనే కూర్చుని మింగించేవారు. మింగాక ఆయన కోసం నోరు తెరిచి చూపించేది. ఆయన మొహం పక్కకి తిప్పుకునేవారు.

సమాధుల దొడ్డికి పెట్టె మోసుకెళ్ళేటప్పుడు గట్టువాళ్ళు ముందుకొచ్చి భుజం పట్టారు. మా పేట వాళ్ళు కాదనలేదు. మామ్మ పెట్టె మూయకముందు అత్తయ్య చెంప మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది.

తర్వాత ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. ఒక్కొక్కరే లేచి ఆవిడ గురించి మంచి మాటలు చెప్పారు. గిన్నె గొడవ ఎవరూ ఎత్తలేదు. చివర్లో నాన్న లేచారు.

"గ్లాసులు అడిగింది నేను. గట్టు మీదికెళ్ళి అక్క పేరు చెప్పిందీ నేనే. ఆవిడకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు" అన్నారు. కూర్చున్నారు.

పాస్టరుగారు ప్రార్థన చేసి ముగించారు. బయట చెప్పులేసుకుంటుండగా ఒకావిడ ఇంకొకావిడతో అనడం నా చెవినపడింది. "పాపం, పోయిన అక్కని మంచి చెయ్యడానికి తన మీద వేసుకుంటున్నాడు."

మా నాన్న చెప్పిన అబద్ధాన్ని ఊరంతా నమ్మింది, నిజాన్ని నమ్మడం లేదు. ఇది వింటే అత్తయ్య ఏమనేదో నేను ఊహించుకోలేకపోతున్నాను. బహుశా నవ్వేదేమో.

మొన్న మొదటి ఆదివారం గిన్నె నేను తోమాను. సంస్కారానికి పిలిచినప్పుడు నాన్న లేవలేదు. ముందు వరసలన్నీ వెళ్ళొచ్చాయి. ఆయన కుర్చీలోనే ఉన్నారు. వెనక వరసలు కదిలినప్పుడు లేచి, గట్టు మామ్మ వెనకాల నిలబడ్డారు. గుడిలో ప్రతి కన్నూ తెరుచుకుని ఉందని నాకు తెలుసు, నావీ తెరిచే ఉన్నాయి. మామ్మ తాగింది. పాస్టరుగారు గిన్నె పట్టుకుని ఒక్క క్షణం ఆగారు. నాన్న రెండు చేతులతో అందుకున్నారు.

ఎందుకు తాగారో నాకు తెలియదు. పశ్చాత్తాపమో, పదిమంది చూస్తున్నారనో. తాగడం మాత్రం చూశాను. వరసల మధ్య నుంచి మెల్లిగా నడిచి వస్తుంటే, తెల్లటి మీసం మీద ద్రాక్షరసపు ఎర్రటి చెమ్మ కనిపించింది. జేబులో రుమాలు ఉంది. తీయలేదు. అలాగే, అందరి మధ్య నుంచీ, తుడుచుకోకుండా నడిచారు.